గడువులోపు కట్టిన బిల్లు

"తప్పు మా ఆడదానిది లెండి. కంప్యూటర్ ముందు కూకుంటే సరా, బుర్రుండాలి గదా!" కొట్టంతా వినపడేలా నవ్వాడు దేవేంద్ర.

సాలూరులో లారీలు ఆగే రోడ్డు మీద టైర్ల కొట్టు అది. కౌంటర్ ముందు లక్ష్మణమ్మ నిలబడి ఉంది. మొగుడు పోయాక రెండు లారీలు సొంతంగా తిప్పుకుంటున్న మనిషి. బాకీ ఉందని కొట్టు నుంచి ఫోన్ వెళ్తే మండిపడుతూ వచ్చింది.

"పది దినాల్లో కడితే రెండు శాతం తగ్గిస్తామని బిల్లు మీద మీరే అచ్చేసినారు. తగ్గించుకునే కట్టినాను. మళ్ళీ బాకీ ఏటి బాబూ?"

నీలవేణి కంప్యూటర్ మీంచి కళ్ళెత్తలేదు. ఎత్తితే మొగుణ్ణి ఏమంటుందో తనకే తెలియదు. ఆ తగ్గింపు ఆలోచన తనది. టైర్లు పట్టుకెళ్ళిన వాళ్ళు నెలల తరబడి కట్టక దేవేంద్ర తల పట్టుకు కూర్చుంటే, త్వరగా కట్టేవాళ్ళకి కొంత వదులుదామని చెప్పింది. "డబ్బులొదిలీమంటన్నాది, పుట్టింటి సొమ్మనుకున్నాదేటి" అన్నాడు మామగారు నారాయణమూర్తి. వసూళ్ళు పెరిగాక ఆయనే "మావోడి బుర్ర సూడండి" అని ఊరంతా చెప్పుకున్నాడు. వదిలిన డబ్బుని డిస్కౌంట్ ఖాతాలో వేయకపోతే, కట్టేసిన బిల్లు మీద కూడా బాకీ కనిపిస్తూనే ఉంటుంది. గడువులోపు కట్టిన తేదీ వేస్తే చాలు, తగ్గింపు దానంతటదే పడి బిల్లు మూసుకునేలా సాఫ్ట్‌వేర్‌లో కుదిర్చింది తనే. వంట, పిల్లాడి క్యారేజీ, అత్తగారి మందులు అన్నీ అయ్యాక వచ్చి కుదిర్చింది. ఓసారి జీతం మాటెత్తితే "ఇంటి మనిషికి జీతమేటే, సిగ్గునేదా" అన్నాడు దేవేంద్ర. టైర్లు దొర్లించే కూర్మయ్యకి నెలనెలా జీతమిస్తారు. అతనికి బుర్ర లేదని ఎవరూ అనరు.

మొన్నటికి మొన్న దేవేంద్ర, తన స్నేహితుడు జగన్నాధం గడువు దాటాక కడితే, "తేదీ ఎనక్కి మార్సీ, మనోడు" అని పక్కన నిలబడి మరీ తగ్గింపు వేయించాడు.

నీలవేణి లేచి నిలబడింది. "డబ్బులు ఎప్పుడిచ్చినారమ్మా? ఎవులికి?"

"బిల్లేసిన వారానికే. ఈ బాబు సేతికే."

"మరి నాకు నెలాఖర్న సెప్పినావేటి బావా, అప్పుడే వచ్చినాయని?"

దేవేంద్ర నవ్వు ఆగిపోయింది. "అవసరమై వాడుకున్నాను. అయితే ఏటి? ఆడమనిషి, అడిగితే మిగతాది కట్టీస్తాది అనుకున్నాను. నువ్వు నోర్ముయ్యి."

నీలవేణి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది. డబ్బు వాడుకున్నది అతను. అబద్ధం చెప్పింది అతను. బుర్ర లేనిది తను! అతను చూస్తుండగానే తేదీ సరిచేసింది. తగ్గింపు పడింది, బాకీ పోయింది. రసీదు ముద్రించి లక్ష్మణమ్మ చేతికిచ్చింది.

లక్ష్మణమ్మ రసీదు వంక చూసి, తర్వాత నీలవేణి వంక చూసింది. "నా లారీల లెక్కలు రాసే మనిషి నేక సస్తన్నానమ్మా. ఇక్కడ నీకేటిస్తన్నారు?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఏటీ ఇవ్వరు."

టైర్లు దొర్లిస్తున్న కూర్మయ్య ఆగి తలెత్తి చూశాడు.

"రేపట్నించి వస్తానమ్మా. జీతం నెలనెలా నా పేరున బ్యాంకులో ఎయ్యాలి."

"ఒసే, నన్నడక్కుండా ఎక్కడికే?" దేవేంద్ర కౌంటర్ మీద చరిచాడు.

నీలవేణి కుర్చీ లోపలికి నెట్టి, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నిన్ను అడగతన్నానని ఎవులు సెప్పినారు బావా? సెప్పి ఎల్తన్నాను."