శనివారం ఆట

లాస్ వేగస్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన గ్లెండాకు అరవై మూడో ఏట పార్కిన్సన్స్ వచ్చింది. కుడిచెయ్యి ఆగకుండా వణుకుతుంది. బస్సు తాళాలు అప్పగించేసిన నెలలోనే నా దగ్గరికొచ్చి పోకర్ నేర్పమంది. నేను కాసినోల్లో ఇరవై ఆరేళ్ళు ముక్కలు పంచినదాన్ని. నా వంటింటి బల్ల మీద చాలామందికి ఆట నేర్పాను. గ్లెండా అంత ఓపిగ్గా చెత్త ముక్కలు పడేసేవాళ్ళు మాత్రం తగల్లేదు.

మార్చి వచ్చేసరికి టోర్నమెంటు ఆడతానంది. మా పేట కాసినోలో వారానికి మూడు జరుగుతాయి. మంగళవారంది హడావుడి ఆట, పది నిమిషాలకోసారి పందెం పెరిగిపోతుంది. గురువారం చేతిలో ఉన్న పందెం బిళ్ళలు, అవే చిప్స్, అన్నీ పోయినా మళ్ళీ రుసుము కట్టి కూర్చోవచ్చు. శనివారం ఉదయం మొదలయ్యేది నిదానంగా నడుస్తుంది. కానీ అందులో ఒకసారి పోతే ఇక ఇంటికే.

"మంగళవారం ఆడవే," అన్నాను. "నీ చెయ్యి చూసే సగంమంది హడలిపోతారు."

"నా చెయ్యి చూసా?"

"గొప్ప ముక్కలొచ్చినవాడికి చేతులు వణుకుతాయి. అది పోకర్ ఆడే ప్రతివాడికీ తెలుసు. నువ్వు చిప్స్ ముందుకు తోస్తే చాలు, దీని దగ్గర రెండు ఆసులున్నాయిరా బాబూ అని పారిపోతారు. వాళ్ళు అసలు సంగతి కనిపెట్టేలోపు ఆటే అయిపోతుంది."

గ్లెండా నవ్వలేదు. "అంటే నా జబ్బు ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూడాలా?"

"అబ్బో! గెలిస్తే చాలదూ?"

"చాలదు."

"పోనీ గురువారం ఆడు. కొత్తదానివి, తప్పు చేసినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు."

"మళ్ళీ కూర్చోవచ్చని తెలిస్తే ప్రతి ముక్కకీ ఎగబడతాను. నా సంగతి నాకు తెలీదా?" అంది గ్లెండా. "శనివారమే ఆడతాను. అన్ని గంటలు ఎదురుగా కూర్చుంటే వాళ్ళకి నా చెయ్యి అలవాటైపోతుంది. అప్పుడు నన్ను చూస్తారు."

"చూసి నీ చిప్స్ ఊడ్చేస్తారు."

"ఊడ్చనీవే."

ఆ శనివారం డెబ్బై రెండు మంది వచ్చారు. నేను ఆట బల్లల చుట్టూ ఉన్న కమ్మీకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి రెండు గంటలూ నేను చెప్పినట్టే జరిగింది. ఆమె చెయ్యి వణికితే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కలు పడేశారు. చిప్స్ రెట్టింపయ్యాయి. విరామంలో మాత్ర వేసుకోవడానికి బయటికొచ్చిన గ్లెండా ముఖం మాత్రం మాడిపోయి ఉంది.

"ఒక్కడూ నాతో ఆడట్లేదే, వెర్నా."

"దీనికోసం జనం చచ్చిపోతుంటారు. నువ్వేమో ఏడుపు ముఖం పెట్టావు!"

మళ్ళీ ఆట మొదలైంది. గ్లెండాకు ఎదురుగా ఏమోస్ అనే ముసలాయన కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడు కూడా చెయ్యి వణకడం ఆయన చూశాడు. కాసేపటికి గ్లెండా చేతిలో ఏమీ లేకుండానే పెద్ద పందెం తోసింది. మిగతావాళ్ళంతా తప్పుకున్నారు. ఏమోస్ తప్పుకోలేదు.

"ఏమ్మా, చలేస్తోందా?" అన్నాడు.

"లేదండీ. పార్కిన్సన్స్."

నోరు మూసుకోవే అని అరవబోయి ఆగాను. ముక్కలు పంచే కుర్రది చేతులు ఆపేసింది. ఏమోస్ టోపీ వెనక్కి నెట్టుకుని ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు, చేతి వైపు కాదు.

"అయితే నీ ముక్కలు చూస్తానమ్మా," అంటూ తన చిప్స్ ముందుకు తోశాడు. ఆయన దగ్గర తొమ్మిదుల జత ఉంది. గ్లెండా చిప్స్‌లో సగం పోయాయి.

ఆమె పకపకా నవ్వింది. ఆ రోజు నవ్వడం అదే మొదలు.

అక్కణ్ణుంచి ఆ బల్ల దగ్గర వేరే ఆట నడిచింది. ఆమె పందెం వేస్తే పెంచారు, బెదిరించారు, ఎగతాళి చేశారు. స్కూలు బస్సు నడిపేదాన్నని మాటల్లో ఆమే చెప్పింది. "బస్సు బయల్దేరుతోందా, దిగిపోమంటారా?" అని ఏమోస్ అంటే, "టికెట్టు కొన్నాక దిగనివ్వను," అంది గ్లెండా. అప్పుడామె దగ్గర మూడు రాజులున్నాయి. ఏమోస్ నమ్మలేదు. పోగొట్టుకున్నదంతా ఒక్క దెబ్బకి తిరిగొచ్చింది.

చివరికి గ్లెండా పద్నాలుగో స్థానంలో ఏమోస్ చేతిలోనే ఓడిపోయింది. బహుమతులు మొదటి తొమ్మిదిమందికే. ఏమోస్ లేచి చెయ్యి చాపాడు. గ్లెండా ఎడమచెయ్యి ఇవ్వబోయి, మానుకుని, కుడిచెయ్యే ఇచ్చింది.

ఇరవై ఆరేళ్ళలో నేను ఎన్ని వేల చేతులు చూసి ఉంటాను! ఆ చేతులు ఎవరివో ఎన్నడూ అడగలేదు. పార్కింగులో నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. వణికే చేతిని వాడుకోమని ఆమెకు సలహా ఇచ్చినందుకు సిగ్గేసింది. చెబుదామనుకున్నాను కానీ గ్లెండా సందివ్వలేదు.

రోడ్డు పక్క హోటల్లో పాన్‌కేకులు వచ్చేలోపు, చిప్స్ బదులు పంచదార పొట్లాలు బల్ల మీద పరిచి చివరి పందెం మొదటినుంచీ మళ్ళీ వేయడం మొదలుపెట్టింది.

"బల్ల మీద ఇస్పేటు జాకీ పడగానే నేను ఆగాల్సింది, అవునా?"

"ఆగాల్సింది."

"మరి చూస్తూ ఊరుకున్నావేం?"

"అక్కణ్ణుంచి అరిస్తే నన్ను మెడపట్టి గెంటేవారే!"

"సరే, నువ్వు ఏమోస్‌వి. ఇంద," అని నాలుగు పొట్లాలు నా వైపు తోసింది.