దసరాకు బొట్టు పెట్టిన తుపాకి

ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడగానే, జాబ్రియా పేటలో ఓబులేసుకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి పారిపోయింది. కారులో పెంపుడు డేగకు చోటు దొరికింది. డ్రైవరు ఓబులేసుకు దొరకలేదు. పోతూ పోతూ ఇంటి యజమాని బాబా హాలు గోడకున్న తుపాకిని చూపించి, "తుప్పు పట్టిందో, నీ పని ఖలాస్" అన్నాడు.

అది పొట్టి గొట్టం తుపాకి. గుర్రం మీంచి కాల్చడానికి అమెరికాలో నూరేళ్ల కిందట చేసింది. భుజం పట్టాకు తగిలించుకోను పక్కన ఇనుప కడియం. దాని కింద ఫోటో: గుర్రాల మీద వరసగా నల్ల సిపాయిలు, ముందు తెల్ల అధికారి. బానిసత్వం వదిలీ వదలని మనుషులకు ముసలి గుర్రాలిచ్చి, ఆ నేలలోనే పుట్టిన రెడ్ ఇండియన్లను తరమడానికి పంపారట. బాబా ఈ కథ అతిథులకు నవ్వుతూ చెప్పేవాడు. టీ అందిస్తూ విన్న ఓబులేసుకు అందులో నవ్వేదేముందో తెలియలేదు.

దానికి సరిపోయే తూటా కువైట్‌లోనే లేదు. అయినా వాడు వారం వారం నూనె పెట్టాడు.

దసరా వచ్చింది. ఏటా కారుకు బొట్టు పెట్టేవాడు. ఈసారి కారు లేదు. స్పానర్లు, జాకీ, కత్తి నేల మీద పరిచి, గోడ మీది తుపాకిని దించి పక్కన పెట్టి, అన్నిటికీ కుంకుమ పెట్టాడు.

మధ్యాహ్నం ఫర్వానియా నుంచి లాల్ బాషా వచ్చాడు. రాయచోటి మనిషి, హోటల్లో వంటవాడు.

"ఒరే, బస్సు దొరికింది. బాగ్దాద్ మీద అమ్మాన్‌కు. రేపు పొద్దున్నే. నీకూ సీటు పట్టినా." తుపాకి కంటపడింది. "పిచ్చోడా! తుపాకి ఉండే ఇంట్లో మనిషిని గోడకు నిలబెట్టి కాలుస్తాండారు. మురుక్కాలవలో పార్నూకు!"

"పూజలో పెట్టింది అన్నా. రేపు పొద్దు దాకా కదిలీకూడదు. తెల్లారినాక తోటలో పూడ్చి వస్తా."

"మీ పండగ నిన్ను సంపుతాది."

"బక్రీదుకు నువ్వు కత్తి నూరితే నేనేమన్నా అంటినా?"

ఇద్దరూ నవ్వారు. బాషా వెళ్లిపోయాడు.

సాయంత్రం సోదాకు సిపాయిలు వచ్చారు. గోడకుంటే పాత సామాననుకునేవారేమో. ఇప్పుడు తుపాకి పనిముట్ల మధ్య నిగనిగలాడుతోంది. అధికారి దానికి తూటా పెట్టే చోట మూత ఎత్తి వేలు పెట్టాడు. వేలికి నూనె అంటింది.

"సార్, పాతది! గుర్రం తుపాకి! తూటా మాఫీ, లేదు! అమెరికా, సార్, అమెరికా!"

ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా సైన్యం సౌదీలో దిగుతున్న రోజులవి. ఆ ఒక్క మాట అనకూడదు. అనేశాడు. అధికారి మొహం మారిపోయింది.

సిపాయిల్లో ఒకడు కారునలుపు. బస్రాలో అలాంటివాళ్లు ఉంటారని ఓబులేసు విన్నాడు. అతను ఫోటో ముందే నిలబడిపోయాడు. అధికారి "యల్లా!" అని అరిస్తే వచ్చి ఓబులేసు చేతులు వెనక్కి కట్టాడు. ముడి వదులుగా వేశాడు. అధికారి లాగి చూసి, మళ్లీ కట్టమన్నాడు.

ఈసారి గట్టిగా కట్టాడు.

ఓబులేసును ఎక్కించుకున్న లారీ బాషా ఉండే ఫర్వానియా వైపు కాకుండా ఇంకో వైపు తిరిగింది. రేపు బస్సులో పక్క సీటు మీద మూట పెట్టి లాల్ బాషా ఎంతసేపు ఆపగలడని ఓబులేసు ఆలోచించాడు. ఎక్కువసేపు ఆపలేడు. ఎవడో ఒకడు కూర్చుంటాడు.