పచ్చగోడ వెనక కుట్టుమిషను

నల్లకోటుకి నీలం దారం! పెళ్ళికి ముందు నుంచీ మిషను తొక్కుతున్న మనిషి చెయ్యాల్సిన పనేనా అది? కోటు తాలూకు పెద్దమనిషి దాన్ని బల్ల మీదికి విసిరికొట్టి, "కళ్ళు కనిపించకపోతే మానెయ్యమ్మా" అని విసవిసా వెళ్ళిపోయాడు. ఈ మధ్య అలా వెళ్ళిపోయినవాళ్ళలో ఆయన మొదటివాడేం కాదు.

కుట్టుపనావిడ కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. లేనిది వెలుతురు. రెండో అంతస్తులో ఆమె కుట్టే గదికి ఒక్కటే కిటికీ. దాని మీదుగా తీగ పాకించి, పై అంతస్తు దాకా 'పచ్చగోడ' లేపింది తోటికోడలు. బావగారి భార్య, పైగా అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షురాలు, ఇక ఆ నోటికి అడ్డేముంది? గోడకి ఎండ తగలదట, ఇళ్ళు చల్లబడతాయట, కరెంటు ఆదా అట! ఆ ఆదా పుణ్యమా అని ఈవిడ పట్టపగలు లైటేసుకుని కూర్చుంటోంది. ఆ పసుపు వెలుగులో నలుపూ నీలమూ ఒక్కలాగే ఏడుస్తాయి.

కిటికీ మేరకు కత్తిరించమని ఎన్నిసార్లు మొత్తుకుందో! "తీగ మొదలు నీ కిటికీ ముందు నుంచే పోతోంది. తెంపితే పైదంతా ఎండిపోతుంది. నీ ఒక్కదాని కోసమా?" అని కొట్టిపారేసింది ఆ మహాతల్లి.

ఆ రోజు పచ్చని భవనాలకి బహుమతులిచ్చేవాళ్ళు వచ్చారు. తోటికోడలు తగుదునమ్మా అని, తలుపైనా తట్టకుండా వాళ్ళని కుట్టుగదిలోకి తీసుకొచ్చింది.

"చూడండి, ఏసీ లేకుండానే ఎంత చల్లగా ఉందో! మా చెల్లి హాయిగా పని చేసుకుంటోంది."

"హాయిగానా? గుడ్డిదాన్నైపోతున్నాను" అంది కుట్టుపనావిడ.

"హాస్యాలాడుతుంది లెండి" అని నవ్వేసి, కిటికీలోకి వేలాడుతున్న ఎండుకొమ్మ వాళ్ళ కంట పడుతుందని, తోటికోడలు బల్ల మీది పెద్ద కత్తెర లాక్కుని టకటకా కత్తిరించేసింది.

గుడ్డల కత్తెర! కన్నకూతురు దాంతో కాగితం కత్తిరించబోతే వీపు విమానం మోత మోగించింది కుట్టుపనావిడ. గుడ్డ తప్ప మరోటి తగిలితే అంచు పోతుంది, మళ్ళీ మెత్తటి బట్ట మీద తిన్నగా నడవదు. ఈ గదిలోనే అన్ని జాకెట్లు కుట్టించుకున్న తోటికోడలికి ఆ సంగతి తెలియదా? కుట్టుపనావిడకి ఒళ్ళు భగ్గుమంది.

"ఇటివ్వక్కా."

అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది. గరగరలాడింది.

"పోయింది. ఇక దాచుకునేదేముంది?"

కిటికీలోంచి చేతులు చాపి, వేలంత లావు తీగ మొదలుకి కత్తెర పెట్టి గట్టిగా నొక్కింది.

"ఏయ్! పిచ్చా నీకు?" తోటికోడలు భుజం పట్టి లాగింది.

"ముట్టుకోకు నన్ను!"

ఇంకోసారి నొక్కింది. తీగ తెగిపోయింది.

వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా బయటికి జారుకున్నారు. తోటికోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక నీ మొహం చూస్తే ఒట్టు!"

"చూడొద్దు. జాకెట్లు కూడా ఇంకెక్కడైనా కుట్టించుకో."

కిటికీకి అల్లుకున్న తీగనంతా రెండు చేతులా పీకి కింద పారేసింది. బల్ల మీద ఎండ పడింది. ఆమె లైటు ఆపేసి, కోటు ముందుకి లాక్కుని, నీలం కుట్లు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది.