తేడా లేని ఓడ

ఓడ అడుగున సముద్రం చేరి ఇవాళ్టికి మూడో రోజు. షెడ్డు నేల పొడిగానే ఉంది, సముద్రం ఆరు మైళ్ల అవతల ఉంది. లోపలి నీళ్లు మాత్రం వేళకి పెరిగి, వేళకి తగ్గుతున్నాయి. గంటయ్య మేస్త్రి వేలు ముంచి నాలిక్కి రాసుకుంటాడు. ఉప్పే. తాళ్లరేవులో నలభై ఏళ్లుగా ఓడలు కడుతున్నవాడు ఉప్పునీళ్లు చూసి హడలిపోతాడా ఏమిటి? మళ్లీ పనిలో పడతాడు.

రెండు వందల ఏళ్ల కిందట తుపానులో మునిగి, ఈమధ్యే ఇసకలోంచి బయటపడిన ఓడకి ఇది నకలు. మ్యూజియం తరఫున వచ్చిన సులోచన గారు రోజూ టేపు పెట్టి కొలుస్తారు.

"వెంట్రుకవాసి తేడా లేదండి, మేస్త్రిగారూ."

ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మీసం కింద నవ్వు దాచుకోలేక తంటాలు పడతాడు. పొగడ్త ఎవరికి చేదు!

ఇవాళ నీళ్లు తగ్గలేదు. లోపల ఆయన కూతురు మంగతాయి పలకల సందుల్లో దూది కూరుతోంది.

"నాన్నా, మోకాళ్లు దాటేయి నీళ్లు."

"పైకొచ్చెయ్యవే!"

"ఎక్కుతానే ఉన్నాను."

నిచ్చెనకి ఏడు మెట్లు. ఆయన చేసిందే. పిల్ల గంట నుంచి ఎక్కుతోంది, ఇంకా ఏడు మెట్లూ మిగిలే ఉన్నాయి. గంటయ్య ఓడ పైతట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాపి, ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంటాడు. ఎంత లాగినా మనిషి రాదు. నీళ్లు మాత్రం నడుం దాకా వస్తాయి.

అప్పుడు ఆయనకి సంగతి తడుతుంది. వాళ్లింట్లో ఏ ఓడ కట్టినా, దిష్టి తగలకుండా ఒక మేకుని కావాలనే వంకరగా కొట్టి వదిలేస్తారు. పాత ఓడలో ఆనాటి మేస్త్రి కొట్టిన వంకర మేకుని ఈయన అచ్చంగా దింపేసి, దిష్టి సంగతి తీరిపోయిందనుకున్నాడు. ఎంత తెలివితక్కువ పని! అది ఆ ఓడ తప్పు. ఈ ఓడకి తనదంటూ ఒక్క తప్పూ లేదు. తేడా లేనప్పుడు ఇది మునిగిన ఆ ఓడే.

ఖాళీగా ఉన్న చేత్తో సుత్తి అందుకుని ఒక మేకుని అడ్డంగా బాదుతాడు. అది నిటారుగా దిగుతుంది. గొడ్డలితో అంచు నరుకుతాడు. చెక్క మూసుకుంటుంది.

"దాని చెక్కలో లేని తప్పు దీని చెక్కలో పట్టదండి," అంటారు సులోచన గారు టేపు చుట్టుకుంటూ.

"ఆ ఓడలో వడ్రంగి ఉన్నాడామ్మా?"

"ఉన్నాడు. ఆయన కూతురు కూడా ఉంది."

"ఆయనేం చేశాడు?"

"కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆఖరిదాకా వదల్లేదు."

నీళ్లు మంగతాయి గడ్డం తాకుతాయి. ఇంత భయం గంటయ్య ఏ తుపానులోనూ పడలేదు. వేళ్లు సడలిస్తుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

"వదిలేస్తన్నావా, నాన్నా?"

"తప్పు చేస్తన్నానే, తల్లీ."

వదిలేస్తాడు. తల మునిగిపోతుంది. నీళ్ల మీద దూది మాత్రం తేలుతుంది. ఆయన ఏడుస్తాడు, సిగ్గుపడకుండా, నోరు తెరిచి.

నిచ్చెన కిర్రుమంటుంది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఏడో మెట్టు. మంగతాయి పైకొచ్చి ఓణీ పిండుకుంటుంది. తండ్రి మొహం చూడదు.

తేడా వచ్చిన ఈ ఓడలో ఇక ఆ నీళ్లకి చోటు లేదు. పలకల్లోంచి ఇవతలికి వచ్చి, ఓడ ఆకారంలోనే పక్కన నేల మీద నిలబడతాయి. ఆ నీటి ఓడ మీద ఒక ముసలి వడ్రంగి చిన్న పిల్ల చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ ముసలాయన గంటయ్య ఖాళీ చేతిని చాలాసేపు చూసి, పిల్ల చేతి మీంచి తన వేళ్లు ఒక్కొక్కటే విప్పుతాడు.

ఆ పిల్ల కిందికి దిగి, పొడినేల మీద నడిచి మంగతాయి దగ్గరికి వస్తుంది.

"అక్కా, అన్నం ఉందా?" అని చెయ్యి చాపుతుంది. మణికట్టు మీద ఐదు వేళ్లు నొక్కుకున్న గుంటలున్నాయి. ఒక్కో గుంటలో నీళ్లున్నాయి, ఒక్కో చేప తిరుగుతోంది.