రోడ్డు నడుమ

కృపకు ఎడమ మడిమ నొప్పి పట్టి మూడు వారాలయింది. పెద్ద నొప్పేం కాదు. పొద్దున మంచం దిగి మొదటి పది అడుగులు వేసేటప్పుడు మడిమ కింద మేకు గుచ్చినట్టుంటుంది, తర్వాత పోతుంది. పరుగులో ఆరో కిలోమీటరు దగ్గర మళ్లీ వస్తుంది. అంతమాత్రానికే ఆగిపోయే పిల్లయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

ఆగకపోవడానికి కారణముంది. ఇంకో రెండు వారాల్లో వనపర్తిలో పది కిలోమీటర్ల పరుగు పోటీ. మొదటి ఇద్దరినే రాష్ట్ర పోటీలకు పంపుతారు. పోయినేడు కృప మూడోది. మూడోది అంటే ఏమిటో మూడో స్థానంలో వచ్చినవాళ్లకే తెలుస్తుంది. నాలుగో అమ్మాయి ఇంటికెళ్లి హాయిగా అన్నం తింటుంది, మూడో అమ్మాయికి ముద్ద దిగదు. ఈసారి ఆ రెండు చోట్లలో ఒకటి తనదేనని కృపకు రవ్వంత అనుమానం లేదు. ఇంకోటి ఎవరిదో మిగతావాళ్లు తేల్చుకోవాలి.

భయమల్లా నాయిన గురించే. సామ్యూల్ ఇరవై ఏళ్లు అనంతయ్య పటేలు దగ్గర ఎడ్లబండి తోలాడు. ఊరి పత్తి, పల్లికాయ అయిజ మార్కెట్‌కు చేర్చింది ఆయనే. ఇప్పుడు ఎడ్లూ లేవు, బండీ లేదు. విత్తన పత్తి చేలకు నీళ్లు కట్టే పనికి పోతున్నాడు. కూతురు పరుగు మొదలుపెట్టిన రోజే ఒక మాట అనేశాడు.

"ఉరుకు బిడ్డా, నేనేం అడ్డం రాను. గని కుంటెద్దును నేనెన్నడు కాడికి కట్టలే. కాలు నొస్తే చెప్పు, ఆడికి బంద్ వెడదాం."

అన్నాడంటే చేసే మనిషి. అందుకే కృప నోటికి తాళం వేసుకుంది. తల్లి బాలమణికి మాత్రం చెప్పక తప్పలేదు. ఆయన చేనుకు పోయాక ఆమె జిల్లేడాకు వెచ్చజేసి మడిమకు కాపడం పెట్టేది.

"నాకు గూడ గీ ఎడమ మడిమనే, పదేండ్ల సంది నొస్తనే ఉన్నది. సచ్చిననా?" అనేది. ధైర్యం చెప్పడమంటే బాలమణికి అదే.

ఒక పొద్దున కృప పరుగు ముగించి వస్తుంటే, ఊరి బయట కాలువ మీది మోరీ గోడ మీద సామ్యూల్ కూర్చుని ఉన్నాడు.

"ఎన్ని దినాల సంది నొస్తుంది?" అన్నాడు.

"ఏంది నాయిన నొచ్చేది?"

"నువ్వు అబద్ధమాడినా నీ కాళ్లు ఆడయి. గిటు జూడు."

తారు రోడ్డంచున మట్టిలో ఆమె బూట్ల గుర్తులు వరసగా ఉన్నాయి. కుడి అడుగు నిండుగా పడింది. ఎడమ అడుగుకు ముందు భాగమే ఉంది, మడిమ లేదు.

"ఇరవై దినాల సంది చేనుకు పోతూ జూస్తున్న. నువ్వే చెప్తవని ఆగిన."

ఏడాది శ్రమ ఈ మోరీ దగ్గర మట్టిలో కలిసినట్టే అనుకుంది కృప. సామ్యూల్ మాత్రం అడుగుల గుర్తులు వదిలి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"పొయ్యేటప్పుడు ఏ పక్క ఉరుకుతవ్?"

"ఎడమ పక్క."

"మర్లొచ్చేటప్పుడు?"

"అప్పుడు గూడ నాకు ఎడమ పక్కనే. చిన్నప్పటి సంది అమ్మ జెప్పిందే గద, పక్కకు నడువు, రోడ్డు మనదా అని."

"మీ అమ్మను గూడ చిన్నప్పుడు గట్లనే బెదిరిచ్చిండ్రు," అన్నాడు సామ్యూల్. "బండి గూడ ఎడమ పక్కనే తోలాలె. అంచుకు రోడ్డు వాలుంటది. ఎడమ దిక్కు కట్టిన దాపటెద్దు పొద్దంత పల్లంల నడుస్తది. ముందు దాని కాలే పోతది, నీ ఎడమ కాలు గూడ గంతే. అందుకే ఎదురు ఎవ్వరు లేకుంటే నేను రోడ్డు నడుమకు తోల్తుంటి."

"బస్సొస్తే?"

"బస్సుకు హారనుంటది, నీకు చెవులున్నయి. పది దినాలు నడుమల ఉరుకు, జర తక్కువ ఉరుకు. మడిమ నిండుగ వడితే వనపర్తి పోదం. లేకుంటే ఈ ఏడు ఆగుదం."

తారు మీద అడుగు గుర్తు పడదు కదా. అందుకని మర్నాటి నుంచి తెల్లవారేసరికి సామ్యూల్ గంపెడు మెత్తమట్టి తెచ్చి మోరీ దగ్గర రోడ్డు నడుమ పరిచేవాడు. బండ్లవాళ్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు, ఆయన పట్టించుకోలేదు. మొదటి మూడు రోజులు ఎడమ మడిమ జాడే లేదు. అయిదో రోజు అర్ధచంద్రుడిలా సగం పడింది. పదో రోజు సామ్యూల్ ఆ గుర్తు పక్కన గొంతుక్కూర్చుని, మడిమ అంచు వేలితో తడిమి లేచాడు.

"బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు. కృప అక్కడికక్కడే ఆయన్ను కావలించుకుంది.

వనపర్తిలో ఆ పొద్దున రోడ్డు మీద బండ్లు ఆపేశారు. అంత ఖాళీ రోడ్డులోనూ అమ్మాయిలంతా అలవాటుకొద్దీ అంచు పట్టుకునే పరుగెత్తారు. కృప ఒక్కతే నడుమకు వెళ్లింది. విజిల్ పట్టుకున్న మనిషి ఒకాయన పక్కకు రమ్మని చేయి ఊపాడు.

"ఇయ్యాల రోడ్డు మాదే గద సార్," అని ఆమె సాగిపోయింది.

ఆరో కిలోమీటరు దగ్గర మడిమ ఒకసారి పలకరించింది. ఉన్నావా అనుకుందే తప్ప కృప అడుగు మార్చలేదు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర అందరూ పరుగెత్తే పిల్లల ముఖాలు చూసి చప్పట్లు కొడుతుంటే, సామ్యూల్ ఒక్కడే నేలకు వంగి కాళ్లు చూస్తున్నాడు.

"నిండుగ వడుతున్నయి, పో," అన్నాడు.

రెండోదిగా వచ్చింది. మూడో అమ్మాయి ముప్పై అడుగుల వెనక వచ్చి నేల మీద కూలబడింది. కృప తన నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టి కాసేపు పక్కన కూర్చుంది.

సాయంత్రం తల్లితో సహా ముగ్గురూ బస్సు దిగి ఊరి వైపు నడిచారు. తండ్రీ కూతుళ్లు రోడ్డు నడుమ మాట్లాడుకుంటూ పోతున్నారు. బాలమణి ఎప్పటిలాగే ఎడమ అంచున, వెనకాల. మోరీ దాటాక ఆమె ఆగింది.

"ఏమయ్యా, ఎద్దు కాలు జూసినవ్, బిడ్డ కాలు జూసినవ్. పదేండ్ల సంది ఎన్క నడుస్తున్న, నా కాలు ఎన్నడన్న జూసినవా?"

సామ్యూల్ వెనక్కి తిరిగాడు. ఆమె వచ్చిన దారంతా మట్టిలో అడుగులున్నాయి. ఎడమ అడుగుల్లో ఒక్కదానికీ మడిమ లేదు. ఆయన వెళ్లి ఆమె చేయి పట్టుకుని రోడ్డు నడుమకు తీసుకొచ్చాడు.

వెనక ట్రాక్టరు హారన్ కొట్టింది. బాలమణి అలవాటుగా పక్కకు జరగబోయింది. సామ్యూల్ చేయి వదల్లేదు. ట్రాక్టరే పక్క నుంచి పోయింది.