ఇరవై చాపల కింద వేరుశనగ గింజ

జావ అడుగంటకుండా గరిటె తిప్పుతూ నేను కథ వల్లె వేసుకుంటున్నాను. వేణ్ణీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చిన మా ఆయన డార్కో, "రేడియోలో నువ్వా? కథ మధ్యలో నిద్రపోయేవు, జాగ్రత్త!" అన్నాడు. వసారాలో వాళ్ళమ్మ పకపకా నవ్వింది.

ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా నా నిద్ర ఒక వేళాకోళం. కాపురానికొచ్చిన మొదటి వారమే తెల్లారకముందే తలుపు బాది, "కోడల్ని కాదర్రా, దుంగను తెచ్చుకున్నాం!" అని వీధంతా వినిపించేలా అరిచింది అత్తయ్య. బడిలో నలభై మంది పిల్లలు, ఇంటికొస్తే నీళ్ళు, రోకలి, బట్టలు. పడుకుంటే ఒళ్ళు తెలియని మాట నిజమే. అందుకే, పరుపుల కింద గింజ గుచ్చుకుని రాత్రంతా మేలుకున్న రాకుమారి కథను క్లాసులో చదివించిన ప్రతిసారీ నాకు మండుకొచ్చేది. పగలంతా ఆవిడ ఏ పని చేసిందని, నిద్ర ముంచుకురావడానికి?

మా ఊరు కొఫొరిదువా రేడియోలో శనివారం పిల్లల కార్యక్రమం. ఎర్రలైటు వెలిగింది. ఎదురుగా చాప మీద ఆరుగురు పిల్లలు.

నా కథలో పిల్ల వానలో తడుస్తూ, నెత్తిన కందగడ్డల గంపతో రాజుగారి లోగిలికొచ్చింది. రాజమాత ఆమెతో కందగడ్డలు ఉడికించి ఫుఫూ ముద్ద దంచించింది, అంట్లు తోమించింది, ఆ తర్వాతే పడుకోమంది. ఇరవై చాపల కింద వేరుశనగ గింజ! అది గుచ్చుకుని మేలుకుంటేనే రాకుమారుడికి తగిన పిల్లని లెక్క. తెల్లవారింది. పిల్ల గుర్రుపెడుతోంది. "ఓడిపోయింది!" అని పెద్దలందరూ అరిచారు.

అంతలో ఫోన్ మోగింది. కథను మధ్యలో ఆపి పాట అందుకోవడం మా దగ్గర వినేవాళ్ళ హక్కు. కార్యక్రమం నడిపే ఒపారె నవ్వుతూ మీట నొక్కాడు.

"ఆపవే అసబియా! నాకో పాటుంది."

అత్తయ్య! ఊరంతా వింటుండగా దుంగ అంటుందా?

రెండు చరణాలు పాడింది. రోకలి పట్టిన చేతుల పాట. పాట అయిపోయినా ఫోన్ పెట్టెయ్యలేదు.

"మా అత్త నన్ను కోడి కూయకముందే లేపేది. నేను నిన్ను లేపాను. కంటినిండా నిద్రంటే ఏంటో నాకిప్పటికీ తెలీదు. ఇదిగో, ఆ పిల్ల జోలికెవరూ వెళ్ళకండి. డార్కో, నవ్వింది చాల్లే, రేడియో గొంతు పెంచు!"

ఒపారె పగలబడి నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. రాసుకొచ్చిన కాగితం పక్కకు నెట్టేశాను. ఒంట్లో ఇంత హుషారు ఎప్పటినుంచి దాగుందో!

"రాజమాత ఆ పిల్ల పడుకున్న గది తలుపు దగ్గరగా వేసింది," అన్నాను మైకులో. "వాకిట్లో కర్ర పట్టుకుని కూచుంది. రాజు వచ్చాడు, రాకుమారుడు వచ్చాడు. ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదు."

ముందు వరసలో పళ్ళూడిన పిల్ల ఉండబట్టలేకపోయింది. "మరి పెళ్ళి, ఆంటీ? రాకుమారుణ్ణి చేసుకుందా?"

ఒపారె గడియారం చూపిస్తూ, 'అవునని ముగించెయ్' అన్నట్టు తల ఊపుతున్నాడు.

"ఆవిడ ఇంకా లేవలేదమ్మా," అన్నాను. "లేచాక ఆవిణ్ణే అడుగుదాం."