తెగని గీత

నీళ్ళ ఆఫీసులో గ్రాఫుల లైబ్రరీ ఎంచింది నేనే. చదువుకున్నవాళ్ళు నెలరోజులు తన్నుకుని తేల్చలేనిది, నాలుగో తరగతితో బడికి దండం పెట్టిన నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను.

లైబ్రరీ అంటే బీరువాలూ పుస్తకాలూ కావు. అంకెలు పోస్తే తెర మీద గీతలు గీసిపెట్టే తయారు సరుకు. కుళాయి నీళ్ళలో క్రిములు చంపే మందు ఏ గంటకు ఎంతుందో జనం ఫోన్లలో చూసుకునేలా మా కోడలు పేజీ కడుతోంది. చివరికి రెండు లైబ్రరీలు మిగిలాయి. ఒకటి, కొలత రాని గంట దగ్గర గీత తెంపి ఖాళీ వదిలేస్తుంది. రెండోది అటు చుక్కనూ ఇటు చుక్కనూ నున్నగా కలిపేస్తుంది, వద్దన్నా వినదు. ఖాళీ ఖాళీగానే కనపడాలని కోడలి పట్టు. పేజీకి పూచీ తనది మరి, తేడా వస్తే పోయేది తన ఉద్యోగమే.

ఏ పేజీనైనా గుమ్మంలోకొచ్చిన మొదటి బయటివాడికి చూపించడం ఆ ఆఫీసు ఆనవాయితీ. కోడలు మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వబోయి దొరికిపోయాను.

"పెద్దాయనా, వీటిలో ఏది బాగుంది?" అన్నాడు మేనేజరు.

"మామయ్యా, ఆ ఖాళీ ఎందుకుందో ముందు వినండి," అంది కోడలు.

"నువ్వు చెప్పకమ్మా. చెప్తే ఇంక పరీక్షేముంది?"

"ఇదేంటి బాబూ, నా నోట్లో పళ్ళలా ఉంది," అన్నాను మొదటిదాన్ని చూసి. "రెండోదే నయం. వెన్న రాసినట్టుంది."

అందరూ నవ్వారు, కోడలు తప్ప.

"విన్నావుగా, జనం మాట," అన్నాడు మేనేజరు.

వానల్లో కొలిచే యంత్రం పాడైంది. పొద్దున్నే మందు కలిపినప్పుడు ఒక కొలత ఇచ్చి, ఇక రోజంతా పడకేసేది. మధ్యాహ్నానికి నీళ్ళలో మందు ఉండేది కాదు. లైబ్రరీ మాత్రం నిన్నటి పొద్దునీ ఇవాళ్టి పొద్దునీ కలిపి, రోజంతా మందున్నట్టే చక్కటి వంతెన కట్టింది. అది చూసి తాగిన రెండు వీధులు ఆసుపత్రిలో పడ్డాయి. విచారణలో మేనేజరు నా మాట రాసుకున్న కాగితం చూపించి తప్పుకున్నాడు. కోడలి ఉద్యోగం పోయింది.

ఎంచింది నేనేనన్నది ఉత్త కోత లెండి. ఆ నున్నటి గీతను మేనేజరు అంతకు నెల ముందే పైవాళ్ళకు చూపించి భేష్ అనిపించుకున్నాడట. ఆయనకు కావలసింది సలహా కాదు, సాక్షి. పిలవకుండానే వెళ్ళాను.

ఆ సాయంత్రం కోడలు సంచి కింద పెట్టి, "మీ తప్పేం లేదు మామయ్యా," అంది.

ఆ కోత పోను, ఇందులో నేను కల్పించింది ఆ ఒక్క మాటే. పదకొండు నెలలైంది, ఆ పిల్ల నాతో మాట్లాడి.